ఫార్మాట్ కొట్టిచ్చే ముందు జర ఆగుండ్రి

"అన్నా, లాప్‌టాప్ స్లో అయింది" అంటే సాలు, మా దిక్కు రిపేర్ దుకాణాలల్ల ఒక్కటే మందు: ఫార్మాట్. పోయిన యేడు మా చెల్లె లాప్‌టాప్ గట్లనే ఇచ్చినం. పొద్దుమూకెవరకు కొత్తదాని లెక్క ఉరికింది. గానీ డెస్క్‌టాప్ మీద వెట్టుకున్న ఆఖరు సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టు పోయింది. అడిగితే "సీ డ్రైవ్‌ల ఉన్నయి పోతయ్ గదా" అన్నడు. డెస్క్‌టాప్ గూడ సీ డ్రైవేనని మాకెవలు చెప్పిండ్రు?

గిప్పుడీ ముచ్చట ఎందుకంటే, 2025 అక్టోబర్ 14 తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ బందు వెట్టింది. మిషిన్ నడుస్తది, సెక్యూరిటీ అప్‌డేట్లే రావు. అందుకే అందరు 11 ఎక్కిచ్చుకుంటున్నరు. అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాంలు అట్లనే ఉంటయ్. నచ్చకుంటే 10 రోజుల్ల ఎన్కకు పోవచ్చు. క్లీన్ ఇన్‌స్టాల్ అంటే ఇల్లు కూలగొట్టి కట్టుడే. వైరస్ వట్టినా, సెకండ్‌హ్యాండ్ మిషిన్ కొన్నా అదే మంచిది. అసలు విండోస్ ఆక్టివేట్ అయిన మిషిన్‌కు మళ్ల కీ కొనే పని గూడ లేదు, లైసెన్సు మదర్‌బోర్డుకు ముడివడి ఉంటది. కానీ వట్టి స్లోకు ఫార్మాట్ ఎందుకు? రోగమేందో దేవులాడుడు కష్టం, తుడిచేసుడు అల్కగ. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ ఏస్తే చానమట్టుకు ఆ బాధనే పోతది.

అసలు లొల్లి ఇంకోటుంది. 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలె, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలె. మన పోరగాండ్లు కొనే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లల్ల అంతకన్న పాతయే మస్తు. దుకాణపోళ్లు ఆ చెకింగ్ తప్పిచ్చి క్లీన్ ఇన్‌స్టాల్ కొడ్తున్నరు. అట్లాంటి మిషిన్లకు అప్‌డేట్లు వస్తయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్తున్నది. అప్‌డేట్ల కోసమేనాయె ఇదంత చేసేది! మరి పైసలిచ్చి కొన్నదేంది?

పాత మిషిన్ ఉన్నోళ్లు 10నే ఉంచుకొని, మైక్రోసాఫ్ట్ ఖాతాతోని సెట్టింగుల బ్యాకప్ చాలు చేస్తే 2026 అక్టోబర్ 13 దాంక సెక్యూరిటీ అప్‌డేట్లు ఉత్తగనే వస్తయ్. తర్వాత లినక్స్ మింట్ ఉంది, పైసా ఖర్చు లేదు. ఇన్‌స్టాల్ చెయ్యకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి సూడొచ్చు. ఎక్కిస్తే మాత్రం అదీ క్లీన్ ఇన్‌స్టాలే.

మా చెల్లెది 6వ తరం. ఇప్పటికి 10 మీదనే నడుస్తున్నది. ప్రాజెక్టు రిపోర్టు పదకొండు రోజులు కూసొని మళ్ల టైప్ చేసింది, గిప్పుడది మూడు పెన్‌డ్రైవ్‌లల్ల ఉంది. లాప్‌టాప్ నా చేతికియ్యమంటే గూడ ఇస్తలేదు.