విషాన్ని మందనడం ఇక చాలు

తెలుగులో హాని చేసే వస్తువుకి పేరు దాని గుణాన్ని బట్టి రాదు. అది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. ఇది అతిశయోక్తి అనిపిస్తే ‘మందు’ అన్న ఒక్క మాట తీసుకుని చూద్దాం. కంపెనీ డబ్బాలో పోసి అమ్మే విషం పురుగు మందు. కలుపుని మాడ్చేది గడ్డి మందు. ఎలుకల్ని చంపేది ఎలుకల మందు. అదే మందు ఆడదాని చేతికొచ్చేసరికి నేరమైపోతుంది. కొడుకు పెళ్ళాం మాట వింటే కోడలు ‘మందు పెట్టింది’ అంటారు. మగడు ఇంటిపట్టున ఉంటే ‘ఏం మందు పెట్టిందో, కొంగుకి ముడేసుకుంది’ అంటారు. ఆమె చేతిలో ఉన్నది మాత్రం పప్పుగిన్నె. విషం లేనిచోట విషాన్ని చూడగలిగిన ఈ భాషకి, విషం ఉన్నచోట వైద్యమే ఎందుకు కనిపిస్తుంది?

దీనికి భాషావేత్తల జవాబు సిద్ధంగా ఉంటుంది. తుపాకీ మందూ మందే కదా, ప్రభావం చూపే పదార్థాన్ని మందనడం పాత అలవాటు, ఇందులో కుట్రేముంది అంటారు. కుట్ర లేదు, నిజమే. కానీ తుపాకీ మందుని ఎవరూ జ్వరం మందుతో పోల్చుకోరు. చేలో అలా కాదు. పంటకి తెగులు సోకిందంటాం, మందు కొట్టాలంటాం, తగ్గకపోతే డోసు పెంచాలంటాం. పరిభాష అంతా ఆసుపత్రిదే. డోసు ఎంతో చెప్పే ‘డాక్టరు’ మాత్రం చాలాసార్లు ఆ డబ్బా అమ్ముకునే దుకాణదారు. చదువుకున్నవాళ్ళు సంస్కరించి రాసిన ‘క్రిమిసంహారక మందు’లో కూడా సంహారం పక్కన మందు వచ్చి కూర్చుంది.

చట్టానికి ఈ మొహమాటం లేదు. 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు ఈ డబ్బాలని ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులతో నాలుగు తరగతులు చేశాయి. మొదటి రెండు తరగతుల డబ్బాల మీద ‘విషం’ అన్న మాట ఎర్రటి అక్షరాల్లో ఉండాలి. మొదటి తరగతికి పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉండాలి. నేను విషాన్ని అని డబ్బా తనే చెప్పుకుంటోంది. కాదు మందువే అని మనం బుజ్జగిస్తున్నాం.

ఈ బుజ్జగింపుకి మూల్యం చెల్లించేది ఎవరు? పంపు మగవాడి భుజాన ఉంటుంది కాబట్టి ప్రమాదం అతనిదే అనుకుంటాం. కొట్టిన చేలో కలుపు తీసేది, పత్తి ఏరేది, తడిసిన అతని బట్టలు ఉతికేది ఆమె. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పువ్వుపువ్వుకీ పుప్పొడి అద్దడానికి బడి మానిపించి పెట్టుకున్నది ఎక్కువగా ఆడపిల్లల్నే. ఆర్గానోఫాస్ఫేట్ విషాలు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. తలనొప్పి, వాంతులు, చెమటలు, చూపు మసకబారడం వాటి లక్షణాలు. ఎండదెబ్బ అని తోసెయ్యడం ఎంత తేలిక! మందు వల్ల జబ్బు చేసిందని చెప్పుకోవడానికి ఆమెకి భాషే అడ్డం. మందన్నది జబ్బు తగ్గించేది కదా! మందు డబ్బా కాబట్టి ఖాళీ అయ్యాక కడిగి ఇంట్లో వాడుకోవచ్చనీ అనిపిస్తుంది. విషం వంటింట్లోకి వస్తే ఏమవుతుందో దేశమంతా చూసింది. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది.

చేలో ఉన్న ఈ నీతే పడకగదిలోనూ ఉంది. లైంగికంగా సోకే జబ్బులకి మన గోడల మీద, పత్రికల్లో కనిపించే పేరు ‘సుఖవ్యాధులు’. ఎవరి సుఖం? భర్త తెచ్చిన జబ్బు అంటుకున్న భార్యకి అందులో సుఖం ఏపాటి? ఆమె తన బాధకి పెట్టుకున్న పేరు ‘తెల్లబట్ట’. అతని జబ్బు సుఖం పేరు మోస్తుంటే ఆమె జబ్బు ఉతకవలసిన గుడ్డ పేరు మోస్తోంది. గనేరియా చాలామంది స్త్రీలలో పైకి కనపడకుండానే లోపల పాకి, గర్భనాళాలు మూసుకుపోయేలా చేయగలదు. అప్పుడు ఆమెకి మూడో పేరు వస్తుంది, ‘గొడ్రాలు’. దానికి జోడుగా మగవాడికి వాడుకలో ఒక్క మాటైనా ఉందా? జబ్బు తెచ్చినవాడు పేరు లేకుండా తప్పుకుంటాడు. ఇది తెలుగువాళ్ళకే పరిమితం కాదు. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో తెచ్చిన అంటువ్యాధుల చట్టం, సైనికులకి జబ్బులు రాకుండా, వేశ్యలుగా ముద్రవేసిన స్త్రీలని నమోదు చేసి బలవంతపు పరీక్షలు చేయించింది. 1888లో రద్దయ్యేదాకా ఆ చట్టం దృష్టిలో జబ్బుకి మూలం ఆడదాని శరీరమే.

మాట మారిస్తే లోకం మారుతుందా అని అడిగేవాళ్ళకి మన ఉద్యమ చరిత్రే సమాధానం. ‘మానభంగం’ అన్నంతకాలం పోయింది ఆమె మానం. ‘అత్యాచారం’ అన్నాక చేసినవాడు కనిపించాడు. ‘అల్లరి’గా చలామణీ అయినదాన్ని 1997లో విశాఖ తీర్పు లైంగిక వేధింపుగా నిర్వచించాక, ఆఫీసులో ఫిర్యాదు రాయడానికి ఒక వాక్యం దొరికింది. మాట ఒక్కటే న్యాయం చెయ్యదు. మాట లేకపోతే ఫిర్యాదే మొదలవదు.

2000ల తొలి ఏళ్ళలో, అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం రసాయన విషాలని మానేసింది. ఆ నిర్ణయం వెనక ఊరి మహిళా సంఘాల పట్టుదల ఉంది. వాళ్ళు వాడిన వేపగింజల కషాయం, మిర్చి వెల్లుల్లి రసం పేర్లలో దాపరికమేమీ లేదు. అందులో ఏముందో అదే పేరు. ఆ మాత్రం నిజాయితీ మన రాతల్లో ఎందుకుండకూడదు?

కథల్లో పాత్రలు ‘మందు తాగాడు’ అనే అంటాయి, అననివ్వండి. వాళ్ళ నోట్లో మన మాటలు కుక్కనక్కర్లేదు. కానీ కథ చెప్పే గొంతులో, వ్యాసంలో, పరిశోధనా పత్రంలో, అనువాదంలో పెన్ను మన చేతిలోనే ఉంది. అక్కడ పురుగు విషం అని రాద్దాం, గడ్డి విషం అని రాద్దాం. సుఖవ్యాధి అన్న మాట కొట్టేసి లైంగిక వ్యాధి అని రాద్దాం. ఎవరి నుంచి సోకిందో కూడా ఆ వాక్యంలోనే రాద్దాం. చదవడానికి ఎబ్బెట్టుగా ఉందని సంపాదకులు దిద్దబోతే ఒప్పుకోవద్దు. ‘అత్యాచారం’ కూడా మొదట్లో ఎబ్బెట్టుగానే ఉండేది.