పెట్టె మీది అంకె - ఇంటి గోడ

పెద్ద అంకె ఉన్న వస్తువే మంచిదనే భ్రమ మనలో చాలామందికి ఉన్నది. సైన్సు చదువుతున్న నాకూ ఉండేది. అది ఎట్లా పోయిందో చెబుతాను.

మా చెల్లె ఇంటర్మీడియట్ చదువుతున్నది. పాఠాలన్నీ ఫోనులోనే. పత్తి అమ్మిన పైసలలోంచి నాయన నాలుగు వేలు ఇస్తే, నల్లగొండకు పోయి "వైఫై 6" అని రాసివున్న రూటరు తెచ్చాను. మాది రాతి గోడల ఇల్లు. గోడ మందం రెండడుగులు. రూటరు పడసాలలో టీవీ పక్కన పెట్టాం. చెల్లె వెనక అర్రలోకి పోతే పాఠం ఆగిపోయేది. "గన్ని పైసలు పోసి తెచ్చినవ్, ఒక్క గోడ దాటదా బిడ్డా?" అన్నాడు నాయన. నాకు తల కొట్టేసినట్లయింది. అప్పుడు పుస్తకం తెరిచాను.

ఈ 802.11 ప్రమాణం 1997లో సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో మొదలైంది. 1999లో 'బి' 11కు, 2003లో 'జి' 54కు, 2009లో 'ఎన్' గరిష్ఠంగా 600కు చేర్చాయి. తరువాత 2013లో 'ఏసీ', 2021లో 'ఏఎక్స్' వచ్చాయి. జనానికి సులువుగా ఉండాలని 2018లో చివరి మూడింటికి 4, 5, 6 అని అంకెలు పెట్టారు. అంకె పెరిగితే వేగం పెరిగే మాట నిజమే. కాని గోడ దాటే శక్తిని నిర్ణయించేది ముఖ్యంగా తరంగం, అంకె కాదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్‌ది సుమారు ఆరు. ఈ రెండవది వేగమైనదే గాని రాతిగోడలో త్వరగా నీరసిస్తుంది. 'ఏసీ' నడిచేది దీని మీదనే. 'ఎన్', 'ఏఎక్స్' రెండింటి మీదా నడుస్తాయి.

మా ఫోను 5 మీద ఉన్నది. దాన్ని 2.4కు మార్చి, రూటరును ఇంటి నడుమకు జరిపాను. చెల్లె అర్రలోకి పాఠం వచ్చింది! మా ఇంటికొచ్చే లైను 30 మెగాబిట్లే. దానికి 4వ రకమే చాలు. బోరులో రెండించుల నీళ్లు పడితే పది హార్స్‌పవర్ మోటారు ఎందుకు?

అయితే కొత్తవన్నీ దండగ అనడం లేదు. హాస్టలులో సంగతి వేరు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 - మూడే. గదిగదికీ రూటరుంటే ఒకటే గోల. అక్కడ 5 గిగాహెర్ట్జ్ గోడ దాటకపోవడమే మేలు. ఒకే విడతలో పలు ఫోన్లకు పంచిపెట్టగల 6వ రకం అక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా మద్దూరు ఒకటి. తీగ ఊరిదాకా వస్తున్నది. ఇంటిలోపలి సంగతి ఎవరు చెప్పాలి? అమ్మేవాడా, చదువుకున్న మనమా?

మిత్రులారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు కొనేవారికి మూడు ప్రశ్నలు నేర్పండి: లైను ఎంత? గోడ ఏమిటిది? ఫోన్లు ఎన్ని? పెట్టె మీది అంకె ఆ తర్వాత చూడవచ్చు. రైతు చెమటోడ్చిన నాలుగు వేలు అంకెల మోజులో పోనీయకపోతే, మన సైన్సు చదువుకు అదే సార్థకత.