ఇత్తడి మెరుగు – అంతఃకరణ శౌచము

శౌచము బాహ్యమని, ఆభ్యంతరమని ద్వివిధము. బాహ్యశౌచము అల్పమని త్రోసిపుచ్చువారు ఒకమారు ఆవిరి యంత్రములను స్మరింపవలెను.

మా సాలూరునకు బొబ్బిలి నుండి రైలు శాఖామార్గమున్నది. నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలపై రైలు నడచినది. ఆ యంత్రముల కాలమున ఉద్యోగి తొలుత క్లీనరుగా చేరి, పిదప ఫైర్‌మన్, ఆపై డ్రైవరు అయ్యెడివాడు. తుడుచు చేతికే బీట, ఆవిరి కారుట ముందుగా తెలియును. కనుక ఆ మెరుగు కేవలము అలంకారము కాదు, పరీక్ష. 1855 నాటి ఫెయిరీ క్వీన్ 1997లో మరల పట్టాలెక్కినది. అట్టివానికి నిత్యపరిచర్యయే ప్రాణము.

సంరక్షిత యంత్రముల ఇత్తడికి రంగు పూసి మూసివేయుట సులభము. కాని అనుచితమని నా అభిప్రాయము. అట్లని గరుకుపొడితో ప్రతిదినము రుద్దుటయు తగదు; నామఫలకముపై అక్షరములే అరిగిపోవును. ఆలయమున బుడితి ఇత్తడి పాత్రనైనను చింతపండుతో మృదువుగా తోమి, పులుపు శేషింపకుండ కడిగి, తడి లేకుండ తుడుతుము. పులుపు నిలిచినచో లోహము చెడును.

గీత తృతీయాధ్యాయము జ్ఞానావరణమునకు ధూళి కప్పిన అద్దమును దృష్టాంతముగా చూపినది. ధూళి అద్దపు స్వభావము కాదు, తుడిచిన పోవును. రంగు పూసిన అద్దమో, ధూళి లేకున్నను ప్రతిబింబింపదు. దోషమును కప్పిపుచ్చు సాధకుడును, దేహమును శోషింపజేయు సాధకుడును ఈ రెండు తప్పులే చేయుచున్నారు.

సంరక్షకులకు నా వినతి యొక్కటే: ప్రతి యంత్రమునకు ఒక మనిషిని నియమించి, అతనికి ఈ పనిని విద్యగా నేర్పుడు. సాధకులారా, మీరును మనస్సును నిత్యము, మృదువుగా తుడువుడు.