పేరుంటేనే లెక్కలోకి

ఖరగ్‌పూర్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది రైలే. 1898-99లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టింది. వర్క్‌షాపులో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. మథురాకాటి, నింపురా లాంటి రైల్వే కాలనీల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఈ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లని పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టిన తరాలున్నాయి. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ రికార్డును దాటిపోయాయి.

ప్లాట్‌ఫారం దిగితే కాలి కింద ఉండేది ఎర్రమట్టి. పశ్చిమ మేదినీపూర్ జిల్లా లాటరైట్ నేల. ఎండకు గట్టిపడి, గడ్డి పలచగా మొలిచే ఇలాంటి చోట పెన్సిల్ మందం కన్నాలు, వాటి చుట్టూ పొడిమట్టి కుప్పలు కనిపిస్తే చాలామంది చీమల పుట్ట అనుకుంటారు. చాలాసార్లు అది తేనెటీగ ఇల్లు.

తేనెటీగ అంటే పట్టు, రాణి, తేనె అనే అలవాటు మనది. కానీ ప్రపంచంలో ఉన్న 20 వేలకు పైగా తేనెటీగ జాతుల్లో పట్టు పెట్టి తేనె దాచేవి కొన్నే. ఎక్కువ భాగం నేల తవ్వుకుని ఒంటరిగా బతికేవే. రాణి లేదు, కూలీలు లేరు. ఆడ ఈగ ఒక్కతే సొరంగం తవ్వుతుంది. లోపల చిన్న గదులు చేసి, తడి చేరకుండా మైనం లాంటి పూత పూస్తుంది. పుప్పొడి ముద్ద పెట్టి, దానిమీద ఒక్క గుడ్డు పెట్టి, గది మూసేస్తుంది. పిల్ల బయటికొచ్చే నాటికి తల్లి సాధారణంగా బతికి ఉండదు. కాపాడుకోవాల్సిన తేనె లేదు కాబట్టి మనిషి మీద పడి కుట్టే అలవాటూ దీనికి లేదు.

తేనె ఇవ్వదు కదా, దీనితో పనేమిటి అంటే జవాబు వంగమొక్క దగ్గర ఉంది. వంగ, టమోటా పువ్వుల్లో పుప్పొడి బయటికి రాలదు. గొట్టం లాంటి సంచుల్లో ఉండి, చివరి సన్నటి రంధ్రం గుండా మాత్రమే వస్తుంది. పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిలిస్తే తప్ప కదలదు. పెంపుడు తేనెటీగకు ఆ విద్య రాదు. నేల తవ్వే నీలిచారల తేనెటీగకు వచ్చు. దాని ఆస్ట్రేలియా బంధువు టమోటా పువ్వును సెకనుకు సుమారు 350 సార్లు తలతో కొడుతుందని 2015లో శాస్త్రవేత్తలు వీడియో తీసి లెక్కగట్టారు. వంగ తనంతట తాను కొంత కాయగలదు. ఈ అదిలింపు తోడైతే కాపు పెరుగుతుంది. క్వార్టర్ల పెరట్లో గుత్తి వంకాయైనా, పక్కింట్లో బేగున్ భాజా అయినా ఈ మట్టి తేనెటీగకు కొంత రుణపడి ఉన్నట్టే.

నీలిచారల తేనెటీగకు లిన్నేయస్ 1758లోనే పేరు పెట్టాడు. జంతువుల శాస్త్రీయ నామాలకు లెక్క మొదలయ్యేది ఆ ఏడాది వెలువడిన ఆయన పుస్తకం నుంచే. ఆ అదృష్టం అన్నిటికీ లేదు. మన దేశంలో ఇప్పటిదాకా పేరు పడిన తేనెటీగ జాతులు 700 పైచిలుకు. నేల తవ్వేవి చిన్నవి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఏడాదిలో కొన్ని వారాలే పైకి కనిపిస్తాయి. అందుకే లెక్కకు దొరకవు.

ఒకవేళ ఖరగ్‌పూర్ లైను పక్క గట్టు మీద కొత్త జాతి దొరికిందనుకుందాం. దొరికినంత మాత్రాన అది ‘కొత్త జాతి’ అయిపోదు. ముందు దాన్ని సూదికి గుచ్చి, ఏ చోట, ఏ తేదీన, ఎవరు పట్టారో చీటీ రాయాలి. చీటీ లేని పురుగు శాస్త్రానికి పెద్దగా పనికిరాదు. తర్వాత మైక్రోస్కోపు కింద రెక్కల ఈనెలు, నాలుక, వెనక కాళ్ల మీద పుప్పొడి మోసే వెంట్రుకలు, మగదాని జననాంగాల ఆకారం వరసగా చూడాలి. డీఎన్ఏలో ఒక నిర్ణీత ముక్క చదివి, తెలిసిన జాతులతో పోల్చడం ఇప్పుడు మామూలైంది.

అసలు చిక్కు పోల్చడంలోనే ఉంది. భారతదేశపు కందిరీగలు, తేనెటీగల మీద తొలి సమగ్ర గ్రంథాన్ని సి.టి.బింగ్‌హామ్ 1897లో, అంటే ఖరగ్‌పూర్ జంక్షన్ పుట్టడానికి కాస్త ముందు, ప్రచురించాడు. ఆ కాలంలో ఇక్కడ పట్టిన నమూనాల్లో చాలా భాగం లండన్ సహా యూరప్ మ్యూజియంలకు చేరింది. మన గట్టు మీది పురుగు కొత్తదో కాదో తేల్చడానికి ఆ పాత నమూనాల ఫోటోలైనా కావాలి.

అన్నీ కుదిరితే ఒక నమూనాను ఆ జాతికి ప్రమాణంగా నిర్ణయిస్తారు. దాని వర్ణన, రెండు మాటల శాస్త్రీయ నామం పత్రికలో అచ్చయిన రోజే ఆ జాతికి పుట్టినరోజు. 2002 జీవ వైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి దొరికితే నమూనాను కేంద్రం గుర్తించిన భాండాగారానికి అప్పగించాలి. జంతువుల విషయంలో ఆ పని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. 1916లో ఏర్పడిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోనే ఉంది. ఖరగ్‌పూర్ నుంచి హౌరా 115 కిలోమీటర్లు. పురుగు ప్రయాణం రెండు, మూడు గంటలే. పేరు ప్రయాణానికి ఏళ్లు పడుతుంది.

తేనె ఇచ్చే ఈగకే ఆ ఆలస్యం తప్పలేదు. 2022లో పశ్చిమ కనుమల నుంచి ‘ఎపిస్ కరింజోడియన్’ అనే కొత్త తేనెటీగను కేరళ శాస్త్రవేత్తలు వర్ణించారు. మన దేశం నుంచి అంతకుముందు వర్ణించిన తేనెటీగ 1798 నాటి ‘ఎపిస్ ఇండికా’. మధ్యలో 224 ఏళ్లు గడిచాయి. తేనె మీద డబ్బు, పెట్టెలు, పరిశోధన కేంద్రాలు ఉన్నచోటే ఇలా ఉంటే, మట్టిలో ఒంటరిగా బతికే ఈగ కోసం ఎవరు కూర్చుంటారు? 2023 ఒక్క ఏడాదే దేశంలో 442 కొత్త జంతు జాతులను శాస్త్రవేత్తలు వర్ణించారు. దొరకడానికి ఇంకా చాలా ఉన్నాయని ఆ అంకెే చెబుతోంది. గుర్తుపట్టగల కళ్లే తక్కువ.

పేరు పడితే ఒరిగేదేమిటి? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జవాబు దొరుకుతుంది. అక్కడి ఉప్పు నేలలో గూళ్లు కట్టే ‘నోమియా మెలాండరీ’కి 1906లో పేరు పెట్టారు. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు విత్తనాల దిగుబడికి అదే ఆధారమని తర్వాత తేలింది. టచెట్ లోయ రైతులు దానికోసం పొలాల పక్క నేలను తడిపి, ఉప్పు చల్లి, మొక్క మొలవకుండా కాపాడుతున్నారు. ఈగలు ఎగిరే కాలంలో రోడ్ల మీద వాహనాల వేగం తగ్గించమని బోర్డులు కూడా పెట్టారు. దాని దగ్గరి చుట్టాలు మన వంగ తోటల్లోనూ తిరుగుతుంటాయి.

మన దగ్గర ఆ నేలే తరిగిపోతోంది. ఖాళీ జాగా కనబడితే సిమెంటు పలకలు పరచడం ఏ ఊళ్లోనైనా అభివృద్ధి కిందే లెక్క. ఎర్రమట్టి మొరం కింద తవ్వుకుపోవడమూ మామూలే. ఇక విత్తనానికి, మొక్క మొదట్లో మట్టికి పట్టించే మందుల సంగతి. ఇమిడాక్లోప్రిడ్ వేసిన మట్టిలో గుమ్మడి పూల తేనెటీగలు 85 శాతం తక్కువ గూళ్లు కట్టాయని కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం 2021లో తేల్చింది. ఐరోపా సమాఖ్య 2018లోనే ఆ మందుతో సహా మూడు రకాలను ఆరుబయట వాడకుండా నిషేధించింది.

తేనెపట్టు కూలితే పదిమందీ చూస్తారు. నేల కింద గూడు పూడిపోతే ఎవరికీ తెలియదు. ఆ జాతికి పేరు కూడా లేకపోతే, అది పోయిందని రాసుకోవడానికి కాగితం మీద గడి కూడా ఉండదు. కాపాడటానికి కోట్లు అక్కర్లేదు. పెరట్లోనో, స్కూలు ఆవరణలోనో, పట్టాల అవతలి ఖాళీ స్థలంలోనో ఎండ తగిలే మట్టిని నాలుగు గజాలు కదపకుండా వదిలేస్తే చాలు. ఆ నేలను పరిశీలించే ఉద్యోగం జీవశాస్త్రం చదివిన కుర్రాళ్లకు దొరికితే ఇంకా మంచిది. పేరు పెట్టే వాళ్లొచ్చేదాకా ఈగ బతికి ఉండాలంటే, ముందు దాని మట్టి మిగలాలి.