ఇంటి చదువు – తల్లిదండ్రుల బాధ్యత

“మాకు తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు, పిల్లల చదువులో మేమేమి సాయపడగలం?” ఉర్దూ మాతృభాషగా గల మన కుటుంబాలలో తరచుగా వినవచ్చే మాట ఇది. ఇందులో నిజం లేకపోలేదు. కాని పాఠం చెప్పడం వేరు, చదువును అలవాటు చేయడం వేరు. మొదటిది ఉపాధ్యాయుని పని. రెండవది ఇంటి పని. ఈ రెండవ పనికి బడి భాష రానక్కరలేదని నా అభిప్రాయం.

ఇందుకు నిదర్శనం మన మధ్యనే ఉన్నది. అరబ్బీ మాట్లాడడం ఎరుగని బాలుడు 30 పారాల ఖురానును కంఠస్థం చేసి హాఫిజ్ అవుతున్నాడు. ఇది కేవలం తెలివితేటల ఫలితం కాదు, దినచర్య ఫలితం. ఆనాటి కొత్త పాఠం సబఖ్. గత కొద్ది దినాల పాఠాలు సబ్ఖీ. అంతకు పూర్వం నేర్చిన భాగాల పునశ్చరణ మంజిల్. కొత్తది ఎంత ముఖ్యమో పాతదీ అంత ముఖ్యం. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని 1885లో ప్రకటించిన ఫలితాలు ఈ పద్ధతిని బలపరుస్తున్నాయి. నేర్చినది తొలి గంటలలోనే వేగంగా మరపునకు వస్తుంది. వ్యవధి నిచ్చి మరల మరల చదివినది నిలుస్తుంది. పరీక్ష ముందునాటి జాగరణ ఇందుకు ప్రత్యామ్నాయం కానేరదు.

అయితే ఒక భేదాన్ని గుర్తించాలి. హిఫ్జ్‌లో పదం తప్పకుండడం ప్రధానం. బడి చదువులో అర్థం ప్రధానం. గణితం, విజ్ఞానశాస్త్రం వల్లించినంత మాత్రాన పట్టుబడవు. ఇక్కడనే తల్లి సాయపడగలదు. “ఈ రోజు బడిలో ఏం చెప్పారో నాకు ఉర్దూలో చెప్పు బేటా” అని ఆమె అడిగితే చాలు. తెలుగులో చదివిన బాష్పీభవనాన్ని, ఆరవేసిన బట్టలలోని తడి ఎటు పోయిందో అమ్మకు బోధపడేటట్లు చెప్పాలంటే, ముందు అది బిడ్డకు బోధపడి ఉండాలి. తడబడిన చోటును మరునాడు ఉపాధ్యాయుని అడుగుతాడు. తల్లికి ఆ పాఠం తెలియకపోవడమే ఇక్కడ మేలు చేస్తున్నది.

ఇక కాలం సంగతి. మగ్రిబ్ నమాజుకు, ఇషా నమాజుకు నడుమ గంటకు పైగా వ్యవధి ఉంటుంది. ప్రతిదినం దానిని చదువుకు కేటాయించవచ్చును. ఒకే గది ఉన్న ఇంటనైనా ఒక చాప, ఒక దీపం, ఒక మూల చాలును. ఆ సమయంలో టెలివిజన్ ఆగాలి. సెల్‌ఫోను తండ్రి చేతిలో కూడ ఉండరాదు. తాము పాటించని నియమాన్ని పిల్లలపై రుద్దితే అది నిలువదు.

మరొక ముఖ్య విషయం. ఆ గంటలోనే కొడుకు చేతికి పుస్తకం, కూతురు చేతికి రొట్టెల పిండి అందించే ఇళ్లు ఇంకను ఉన్నవి. ఇది అన్యాయం. ఇంటిపని ఇద్దరూ పంచుకోవలసినదే. చదువు గంట ఇద్దరికీ సమానంగా దక్కవలసినదే. నేటి కూతురే రేపటి తల్లి. ఆమె చదువు ఆగిన ఇంట “మాకేమి తెలుసు” అన్న మాట మరొక తరానికి సంక్రమిస్తుంది.

ఫలితాలు వెలువడిన నాడు మార్కులు చూచి కోపగించడం సులభం. ప్రతిరాత్రి పది నిమిషాలు పిల్లల మాట వినడం కష్టం. తల్లిదండ్రులు చేయవలసినది ఆ కష్టమైన పనియే.