పాత యింటికి మరుగుదొడ్డి: పట్టాకు ముడిపెట్టవలదు

వేలూరు, గుడియాత్తము, తిరుపత్తూరు ప్రాంతములలో మన నేతవారి పాత యిండ్లు చాలవరకు ఒకే తీరున నుండును. వీధివైపు అరుగు, లోపల గుంటమగ్గము, ఆ వెనుక వంటిల్లు, చిన్న పెరడు, పెరటి వెంబడి సన్నని సందు. ఆ సందు ఎందుకు విడిచిరో పెద్దలకు తెలియును. ఎత్తుడు దొడ్డి శుభ్రము చేయు మనిషి వచ్చిపోవుటకు. ఆ పనిని 1993 చట్టము కాదన్నది, 2013 చట్టము మరింత గట్టిగా నిషేధించినది. మంచిదే. కాని పాత దొడ్డి పోయిన యిండ్లలో కొన్నింటికి కొత్తది ఇంకను రాలేదు.

ఏమని అడిగిన, డబ్బు లేదందురు. కొంత నిజమే. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ ఆరంభమైనపుడు పల్లెలో దొడ్డికి 12,000 రూపాయలు, పట్టణములో కేంద్రము వంతు 4,000, దానిపై రాష్ట్రపు వంతు అని నిర్ణయించిరి. పట్టణమున ఇటుక చవకని ఎవరు చెప్పిరో! అయినను అప్పు చేసి కట్టుకొనగలవారు సైతము కాగితము దగ్గర ఆగిపోవుచున్నారు.

మా సభ్యులొకరు పెరటిలో దొడ్డికి అనుమతి కోరగా, ఒక కార్యాలయమువారు మొత్తము యింటికి ఆమోదము పొందిన ప్లాను తెమ్మనిరి. తాత సున్నముతో కట్టించిన యింటికి ప్లాను ఎక్కడిది? పట్టా ఆయన పేరనే యున్నది. వారసులు ఐదుగురు, అందు ఇద్దరు బెంగుళూరులో. 2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వము తెచ్చిన స్వీయ ధ్రువీకరణ పద్ధతి, 2,500 చదరపు అడుగుల లోపు స్థలములో 3,500 చదరపు అడుగుల లోపు యిండ్లకు వర్తించునది, కొత్తగా కట్టువారికి మేలే చేసినది. ఇటువంటి పాత యింటివాని గోడు వేరు. హక్కు తగాదాలు, పాత కట్టడపు లోపములు ఒకటి, మరుగుదొడ్డి మరియొకటి. పన్ను రసీదు, నివాసపు ఆధారము, మురుగు పోవు దారి చూపు చిన్న పటము చాలునని పురపాలక సంఘములు ఒప్పుకొనవలెను. జాతీయ భవన నియమావళి దొడ్డి గదికి కోరునది 1.1 చదరపు మీటరు, అనగా సుమారు 12 చదరపు అడుగులు మాత్రమే!

ఆలస్యపు భారము ఆడవారిపై పడుచున్నది. చీకటి పడువరకు ఆగవలెనని, పగలంతయు మగ్గము వద్ద కూర్చుండి నీళ్లు త్రాగుట మానుకొనువారు మన యిండ్లలో గలరు. తరువాత మందులకగు ఖర్చును ఏ పద్దులోను వ్రాయము.

మనవారికిని ఒక మాట. అనుమతి రాలేదని రాత్రికి రాత్రి కట్టి, గొట్టమును వీధి కాలువలోనికి వదలుట పొరుగువారికి జబ్బు పంచుటయే. ఇంకుడు గుంటను మగ్గపు గుంట ప్రక్కన త్రవ్వరాదు. ఈ సంగతి మేస్త్రీకి తోచదు, నేతవాడే చెప్పవలెను. చెమ్మ మగ్గపు గుంటలోనికి ఊరును, పడుగుకు బూజు పట్టును, కాళ్లు తడిలో నానును. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తములో యిండ్లలోనికి నీరు వచ్చినది గదా. నదికి దగ్గరనున్నవారు, నేలలో నీరు పైననే యున్నవారు, ఇంకుడు గుంటను నమ్ముకొనక నీరు కారని సెప్టిక్ ట్యాంకే కట్టుకొనుట మేలు. దాని మూత సందువైపు ఉండవలెను. బండి గొట్టము అందవలెనే గాని, మనిషి లోనికి దిగరాదు.

వారసుల సంతకములు పండుగకు అందరు ఊరికి వచ్చినపుడే తీసికొనుడు. ఇంటిపన్ను రసీదు, పెరటి కొలతలు తెచ్చినచో సంఘ కార్యాలయములో అర్జీ, పటము వ్రాసి యిచ్చెదము. ఆదివారము తప్ప ప్రతి దినము సాయంత్రము 4 గంటల తరువాత రావచ్చును.