పార్వతి కోసం ఏడ్చేదెవరు?

వేదాంతం రాఘవయ్య తీసిన 'దేవదాసు' 1953లో విడుదలయింది. అప్పటినుంచి మూడు తరాల తెలుగు స్త్రీలు ఆ సినిమా చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. టూరింగు టాకీసుల్లో నేలమీద కూచుని ఏడ్చారు. టీవీల ముందు ఏడ్చారు. ఇప్పుడు సెల్‌ఫోను చేతిలో పెట్టుకుని ఏడుస్తున్నారు. ఏడవడం మీద నాకే అభ్యంతరమూ లేదు. ఆడవాళ్ళ కన్నీళ్ళంటే చులకనగా మాట్లాడే మేధావుల పక్కన నిలబడే ఉద్దేశం అంతకన్నా లేదు. సావిత్రి కళ్ళు చూస్తే నాకూ గొంతు పట్టేస్తుంది. నా ప్రశ్న వేరే. ఇన్నేళ్ళుగా మనం కారుస్తున్న కన్నీళ్ళు ఎవరి ఖాతాలో జమ అవుతున్నాయి?

'అమర ప్రేమ' అంటారు దీన్ని. కాలానికీ మరణానికీ లొంగని ప్రేమట. సరే, సుబ్బరామన్ సంగీతాన్నీ ఘంటసాల గొంతునీ కాసేపు పక్కన పెడదాం. మన సంస్థలకి వచ్చే స్త్రీలు తమ కథ చెప్పుకున్నట్టుగా, ఒక ఫిర్యాదులాగా ఈ కథ చెప్పుకుందాం. జమీందారు కొడుకూ, పక్కింటి పేదపిల్లా కలిసి పెరిగారు. పెళ్ళిమాట ఎత్తితే జమీందారు ఇల్లు ఆ సంబంధం తమకి తగదంది. పిల్ల అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వెళ్ళి తనని చేసుకోమని అడిగింది. అతనికి వచ్చిన మొదటి భయం, ఎవరైనా చూశారేమోనని. తర్వాత పట్నం పోయి, నీమీద నాకలాంటి ప్రేమ ఎప్పుడూ లేదన్నట్టుగా ఉత్తరం రాశాడు. ఆమెకి వేరే సంబంధం కుదిరాక పశ్చాత్తాపపడి తిరిగొచ్చాడు. ఆమె వద్దంది. అతను కొట్టాడు.

అవును, కొట్టాడు. ఈ సినిమాకి మూలమైన శరత్ నవల 1917లో అచ్చయింది. అందులో దేవదాసు చేపలు పట్టే గేలపు కర్రతో పార్వతి నుదుటి మీద కొడతాడు. రక్తం కారుతుంది, మచ్చ మిగులుతుంది. ఎందుకు కొట్టాడు? తనకీ ఆత్మాభిమానం ఉందని ఆమె అన్నందుకు. నువ్వు కాదన్నప్పుడు నేను భరించాను, ఇప్పుడు నేను కాదంటున్నానని చెప్పినందుకు. కథ మొత్తంలో పార్వతి తనకోసం తాను నిలబడిన ఘట్టం ఇదే. దానికి దక్కిన ప్రతిఫలం ఆ దెబ్బ. ఆ మచ్చనేమో ప్రేమ గుర్తుగా, తీపి జ్ఞాపకంగా చూడమని కథ మనకి నేర్పుతుంది. మనం నేర్చుకున్నాం కూడా.

కాదన్న పిల్ల ముఖం మీద గుర్తు పెట్టడం నవలల్లోనే ఆగిపోలేదు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వాళ్ళలో ఒకరు చనిపోయారు. నిందితులు ముగ్గురూ కొద్దిరోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. దాంతో చర్చంతా ఆ కాల్పుల మీదికి మళ్ళింది. కాదనే హక్కు ఆడపిల్లకి ఎందుకు లేకుండా పోయిందన్న ప్రశ్న వెనకబడిపోయింది. 'దేవదాసు' చూసి ఎవడో యాసిడ్ సీసా పట్టుకున్నాడని నేననడం లేదు. అంత తేలికైన లెక్క నాకు రాదు. కానీ 'భగ్న ప్రేమికుడు' అనే మాటకి ఇంత జాలి ఎక్కడినుంచి వచ్చింది? పత్రికలు నేరస్తుణ్ణి 'ప్రేమోన్మాది' అని రాసినప్పుడు అందులో ప్రేమ అనే మాట ఎందుకు మిగిలిపోతోంది? స్త్రీ వద్దన్నాక కూడా వెంటపడటం నేరమని భారత శిక్షాస్మృతిలో 354-డి సెక్షన్ చేర్చడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. చట్టం నేరమని గుర్తించిన పనిని మన సినిమాలు అన్నేళ్ళూ ఆరాధన అంటూ చూపించాయి.

ఉద్యమంలోని మిత్రులు కొందరు ఇక్కడ అడ్డు తగులుతారు. దేవదాసు కూడా బాధితుడే కదా, భూస్వామ్య వ్యవస్థ అతన్నీ నలిపేసింది కదా అంటారు. ఇందులో సగం నిజముంది. ఆ తండ్రి అధికారం, ఆ అంతస్తుల పట్టింపు కొడుకుని కూడా వంచాయి. కానీ ఒకే వ్యవస్థ కింద ఉన్న ఇద్దరి చేతుల్లో ఏముందో కూడా చూడాలి కదా! అతనికి చదువుంది, పట్నంలో బస ఉంది, ఆస్తిలో వాటా ఉంది, మగవాడన్న భద్రత ఉంది. ఆమెకున్నవి రెండు కాళ్ళు. ఆ కాళ్ళతోనే చీకట్లో నడిచి వెళ్ళింది. పరువూ భవిష్యత్తూ రెండూ పణంగా పెట్టింది ఆమె. ఏ పణమూ పెట్టనివాడు విషాద నాయకుడయ్యాడు. తెలుగులో 'దేవదాసు' అనేది ఒక మామూలు మాటై కూచుంది. గడ్డం పెంచుకుని దిగాలుగా తిరిగే ప్రతివాణ్ణీ దేవదాసైపోయాడంటాం, కాస్త వేళాకోళంగా, కాస్త ముద్దుగా. మనసుకి నచ్చనివాడితో కాపురం చేస్తూ నోరు మెదపని స్త్రీకి అలాంటి మాట లేదు. ఆమెని మామూలుగా 'కోడలు' అంటాం.

చంద్రముఖి సంగతి చూడండి. అతను అసహ్యించుకున్నాడని వృత్తి మానేసింది, ఉన్నది వదులుకుంది, తాగి పడిపోయిన మనిషిని వెతికి తెచ్చి సేవ చేసింది. నిలిచి ఉండే ప్రేమ అంటే ఇదేనని ఒప్పుకుంటే, ఈ కథలో దానికి అర్హురాలు ఆమె. కానీ ఆమె త్యాగం కూడా దేవదాసు గొప్పతనానికి సాక్ష్యంగానే వాడబడింది. వేశ్యని కూడా మార్చేసిన ప్రేమ అంటారు. మారాల్సినది ఎప్పుడూ ఆమేనా?

ఇంకో సంగతి ఈ కన్నీళ్ళ వెనక దాక్కుని ఉంది. నవలలో పార్వతి వయసు 13 ఏళ్ళు. ఆమె పుట్టింటిది ఆడపిల్లల్ని డబ్బు తీసుకుని ఇచ్చే ఆనవాయితీ ఉన్న కుటుంబం. జమీందారు ఇంటికి ఆ సంబంధం తగకపోవడానికి అదొక కారణం. ఆ పిల్లని భార్య పోయిన, ఎదిగిన పిల్లలున్న, 40 ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషికిచ్చి చేశారు. గురజాడ 'కన్యాశుల్కం' చదివిన మనకి దీన్నేమనాలో తెలుసు. కానీ తెరమీద నిండు యవ్వనంలో ఉన్న సావిత్రి కనిపించేసరికి బాల్యవివాహం మాయమై ప్రేమ వైఫల్యం మాత్రమే మిగిలింది. ఇది పాత కథ అనుకుని వదిలేయడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ పార్వతుల కోసం హాల్లో ఎవరూ ముక్కు చీదడం లేదు.

ఇక తాగుడు. ఆ మధ్య ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్ళో మహిళా సంఘం సమావేశం అయ్యాక రాత్రిపూట ఈ సినిమా వేశాం. పాతికమందిదాకా ఉన్నారు. చివర్లో అందరి కళ్ళూ తడిశాయి. ఎవరి కోసం ఏడ్చారని అడిగాను. దేవదాసు కోసమే అన్నారు ఎక్కువమంది. వెనక గోడకి ఆనుకుని కూచున్న ఒక పెద్దావిడ మాత్రం, "మా ఆయన గూడా తాగే పోయాడమ్మా. ఆయన తాగినన్నాళ్ళూ పాట పాడినోళ్ళు లేరు. అప్పులోళ్ళే వచ్చారు" అంది. అందరూ నవ్వారు. తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మొదలైన మాటలు అర్ధరాత్రి దాటాక కూడా ఆగలేదు. ఎవరి పుస్తెలు ఎక్కడ తాకట్టులో ఉన్నాయో, ఏ పిల్ల చదువు ఏ తరగతిలో ఆగిపోయిందో ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు.

నేను ఇన్నేళ్ళలో చదివిన సినిమా విమర్శలేవీ ఆ ఒక్క మాటకి సాటి రావు. తెరమీద తాగుడు గుండెకోతకి మందు. గుడిసెలో తాగుడు ఆ పూట బియ్యం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణానికి అడ్డం తిరిగింది ఈ తేడా తెలిసే. అక్షరాస్యత పాఠాల్లో సీతమ్మ కథ చదివిన స్త్రీలు ఆ సీతమ్మ కోసం ఏడ్చి ఊరుకోలేదు. ఊళ్ళోకి సారా రాకూడదన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వాళ్ళ పోరాటం వల్ల వచ్చినవే. 1997లో ప్రభుత్వం మద్యనిషేధాన్ని ఎత్తేసింది. ఖజానాకి డబ్బు కావాలంది. తాగేవాడి మీద జాలి, అమ్మేవాడికి లాభం, ప్రభుత్వానికి ఆదాయం. ఈ మూడింటికీ కలిపి మూల్యం కట్టేది ఇంట్లో ఉన్న ఆడమనిషి.

తాగుడు విషయంలో మన సమాజం ఎంత పక్షపాతమో తెలియాలంటే సావిత్రి జీవితాన్ని గురించి జనం ఎలా మాట్లాడతారో వినండి. పార్వతిగా మనల్ని ఏడిపించిన ఆ నటి 1981 డిసెంబరులో, ఏడాదికి పైగా కోమాలో ఉండి చనిపోయింది. ఆమె తాగుడు గురించి తెలియని తెలుగువాళ్ళు లేరు. అదొక నీతికథ మనకి, ఆడది అదుపు తప్పితే ఇలా అవుతుందని చెప్పుకునే కథ. 1968లో సాంకేతిక శాఖల్లో ఎక్కువగా స్త్రీలనే పెట్టుకుని 'చిన్నారి పాపలు' సినిమాకి దర్శకత్వం వహించిందని ఎంతమందికి గుర్తుంది? కల్పిత దేవదాసు తాగితే కావ్యం, నిజమైన సావిత్రి తాగితే హెచ్చరిక. ఒకే సీసా, రెండు తీర్పులు.

నవల చివరి పేజీ ఒకసారి తీసి చదవమని కోరుతున్నాను. దేవదాసు వచ్చి పార్వతి అత్తవారింటి ముందు చెట్టుకింద చనిపోతాడు. చనిపోయింది ఎవరో తెలిసి ఆమె పరిగెడుతుంది. ఇంటివాళ్ళు పట్టుకుని లోపలికి తెస్తారు. ఆమె స్పృహ తప్పి పడిపోతుంది. ఆ తర్వాత శరత్ ఏమంటాడు? పార్వతి ఏమైందో తనకి తెలియదంటాడు, తెలుసుకోవాలని కూడా లేదంటాడు, దేవదాసు కోసమే తన బాధంతా అంటాడు. అతని కోసం ఒక కన్నీటిచుక్క రాల్చమని పాఠకుల్ని వేడుకుంటాడు. స్త్రీల దుఃఖాన్ని అంత బాగా రాసిన రచయిత, తెలుగు ఇళ్ళలో మన రచయితేనన్నంతగా చదువుకున్న రచయిత, ఇంత తేటగా చెప్పేశాడు. మన కన్నీళ్ళు ఎటు పారాలో అక్కడే నిర్ణయమైపోయింది. తర్వాత వచ్చిన సినిమాలన్నీ ఆ కాలవలోనే నడిచాయి.

ఈ సినిమా చూడొద్దని నేను చెప్పను. నిషేధాలు అడిగే అలవాటు నాకు లేదు. పాటలు బాగుంటాయి, నటన బాగుంటుంది, చూడండి. ఒంటరిగా మాత్రం చూడొద్దు. మీ సంఘంలో, మీ హాస్టల్లో, మీ శిక్షణ తరగతుల్లో పదిమందీ కలిసి చూడండి. అయిపోయాక టీవీ ఆపేసి లేచి వెళ్ళిపోకండి. ఆమె వద్దన్నప్పుడు అతను ఏం చేశాడని అడగండి. ఆ పెళ్ళికి ఆమె ఒప్పుకుందా అని అడగండి. తాగుడికి డబ్బెక్కడిదని అడగండి. ఆ ఇంటి తలుపులు మూసింది ఎవరని అడగండి. జవాబులు పుస్తకాల్లోంచి రానక్కర్లేదు. ప్రకాశం జిల్లాలో వచ్చినట్టే, వెనక గోడకి ఆనుకుని కూచున్న ఎవరో ఒకరి దగ్గర్నించి వస్తాయి.

పార్వతి సంగతి తెలుసుకోవాలని రచయితకి లేకపోయింది. మనకుంది. స్పృహ వచ్చాక ఆ ఇంట్లో ఆమె ఎన్నేళ్ళు బతికింది? ఎవరికి వండి పెట్టింది? పెళ్ళి కాకముందు పుట్టింట్లో, పెళ్ళయ్యాక అత్తింట్లో, తనదంటూ ఒక చోటు ఆమెకి ఎప్పుడైనా దొరికిందా? మహిళా సంఘాల్లో పనిచేసే మనకి ఆ కథ కొత్తేమీ కాదు. మన రిజిస్టర్లలో రోజూ రాస్తున్నది ఆ కథే.